గెదెయోన్ మామయ్య దాచుకున్న దుంగ

మా మామయ్య గెదెయోన్ ఊళ్లో చచ్చిన ప్రతి ఒక్కరికీ కొయ్య చెక్కాడు. తాగి బావిలో పడ్డవాడికి చెక్కాడు. పెళ్లాన్ని చావబాది జైల్లో పోయినవాడికి చెక్కాడు. ముప్పై ఏళ్లు తనతో మాటల్లేని సొంత తమ్ముడికి కూడా, తిట్టుకుంటూనే, రెండు రోజుల్లో చెక్కి ఇచ్చాడు. నా కూతురికి మాత్రం చెక్కనన్నాడు.

మా వైపు సమాధుల మీద రాళ్లు పెట్టరు. అంతా ఇసుక నేల, రాయి అన్నదే దొరకదు. తల దగ్గర అకాట్స్ కొయ్య పాతుతారు. తెల్లపూల ముళ్ల చెట్టు అది. మా ఇసుకలో ఇంకేదీ సరిగా బతకదు గానీ అది మాత్రం వద్దన్నా పెరుగుతుంది. కంచెకి అదే, ద్రాక్ష పందిరికి అదే, పెరట్లో టమాటాలకి ఊతకర్ర అదే, చివరికి మనిషి తల దగ్గర నిలబడేది కూడా అదే. మనిషి బతికిన ఏళ్లను బట్టి కొయ్య ఎత్తు. ముసలివాళ్లది ఛాతీ దాకా వస్తుంది, నడివయసువాళ్లది నడుం దాకా, పిల్లలది మోకాలి దాకా. ఆడపిల్ల అయితే పైన ఒక మొగ్గ చెక్కుతారు. అక్షరం ముక్క రానివాళ్లు కూడా సమాధుల దొడ్డి గేటు దగ్గర నిలబడే చెప్పేస్తారు, అక్కడ ఎవరో పెద్దాయన, ఇక్కడ ఎవరో పసిది అని.

నా కూతురు తొమ్మిది రోజులు బతికింది. అకాట్స్ పూసిన వారంలో పుట్టి, పూలు రాలకముందే పోయింది. ఐదో రోజునే నాకు అనుమానం వచ్చింది. అప్పుడు మామయ్య వంటింట్లో కూర్చుని, పూల గుత్తులు పిండిలో ముంచి నేను వేయించినవి వేడివేడిగా తింటున్నాడు.

"మామయ్యా, పాప పాలు సరిగా తాగడం లేదు. రేపే బాప్తిస్మం చేయించేద్దాం" అన్నాను.

"పెంతెకొస్తు పండక్కి చేద్దాం. బంధువులంతా వస్తారు. గుట్టుచప్పుడు కాకుండా చేసుకోడానికి మనమేమన్నా దిక్కులేనివాళ్లమా?" అన్నాడు నోట్లో ముద్ద పెట్టుకుని.

పెంతెకొస్తుకి ఇంకా పదమూడు రోజులుంది. నా మొగుడు ఆరోన్ ఆ మాటలు విని కూడా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆయన అంతే, తండ్రి ముందు నోరు పెగలదు. పాప పెంతెకొస్తు దాకా ఆగలేదు. బాప్తిస్మం లేని బిడ్డ కాబట్టి గంట కొట్టలేదు. పాస్టరుగారు రాలేదు. సమాధుల దొడ్డి చివర, కందకం గట్టు మీద, బాప్తిస్మం లేకుండా పోయినవాళ్లనీ ఉరేసుకున్నవాళ్లనీ పెట్టేచోట పెట్టేశాం. పైన ఇసుక సర్ది వచ్చేశాం. రెండు వానలు పడితే అక్కడేముందో నాకు కూడా తెలియకుండా పోతుంది. నన్ను నిద్రపోనివ్వనిది అదే.

మూడో రోజు పాక దగ్గరికి వెళ్లాను. మామయ్య టమాటాలకి పచ్చి కర్రలు చెక్కుతున్నాడు. బెరడు వలిచి, ఒక కొస గొడ్డలితో పెన్సిల్‌లా చెక్కి, ఆ కొసని నిప్పు మీద నల్లగా కాల్చి పక్కన పడేస్తున్నాడు. బెరడు ఉంటే పురుగు చేరుతుందట, కాలిస్తే చెమ్మ ఎక్కదట. ఆ విషయాల్లో ఆయన్ని మించినవాడు లేడు, ఒప్పుకోవాలి.

"మామయ్యా, పాపకి ఒక చిన్న కొయ్య చెక్కి ఇవ్వండి."

"ఎవరికి?"

"పాపకి."

"ఏం పేరు దానికి?"

మా వైపు బాప్తిస్మంలోనే పేరు పెడతారు. పేరు పెట్టకుండా చేసింది ఎవరో ఇద్దరికీ తెలుసు.

"పేరు లేనిదానికి కొయ్యేమిటే?" అన్నాడు. చేతిలో గొడ్డలి ఆగలేదు. "ఏం చెక్కమంటావు దానిమీద, గాలి అని చెక్కనా?"

"ఏమీ చెక్కొద్దు. పైన మొగ్గ ఒక్కటి చాలు. నాకు చోటు గుర్తుంటే చాలు మామయ్యా."

"చర్చి పెద్దని నేను. కందకం గట్టు మీద ఇవాళ నేను కొయ్య పాతితే, రేపు ప్రతివాడూ వచ్చి మా కుక్కపిల్లకీ చెక్కిపెట్టు గెదెయోన్ అంటాడు. పో, పోయి మొక్కలకి నీళ్లు పొయ్యి."

కుక్కపిల్ల. నేను పాక చూరుకేసి తల తిప్పుకున్నాను. ఆ పక్కనే, చూరు కింద, రెండు ఇటుకల మీద ఆయన తన కోసం దాచుకున్న దుంగ పడుంది. ఐదు మూరల పొడవు, నా రెండు చేతుల వేళ్లూ చుట్టినా కలవనంత లావు. పెళ్లయిన ఏడు నాటిన చెట్టట. కొట్టించి పదిహేనేళ్లు ఆరబెట్టాడు. అదే చెట్టు పై దుంగతో మా అత్తయ్యకి కొయ్య చెక్కాడు. మొదలు తనకి ఉంచుకున్నాడు. అకాట్స్ పచ్చిగా ఉన్నప్పుడు మాట వింటుంది, కొయ్యగా పాతితే ఎండి నిలువునా పగిలిపోతుంది. పదిహేనేళ్లు ఆరితే చేవ ఇనుమవుతుంది, ఇంక రెండు తరాలు పురుగు ముట్టదు. ప్రతి ఆదివారం చర్చినుంచి వచ్చి ఆ దుంగని అరచేత్తో తట్టి చూసుకునేవాడు, గుర్రాన్ని తట్టినట్టు.

ఆ సాయంత్రం నేనే ఒక ఊతకర్ర తీసుకున్నాను. ఆయన చెక్కి పడేసినవాటిలో ఒకటి. చాకుతో దాని పైన మొగ్గలాంటిది గీశాను. మొగ్గలా లేదు, ఉల్లిపాయలా వచ్చింది. తీసుకెళ్లి కందకం గట్టు మీద పాప తల దగ్గర గుచ్చి, చుట్టూ ఇసుక తొక్కి వచ్చాను. ఆ రాత్రి ఇన్నాళ్లకి కాస్త నిద్రపట్టింది.

నాలుగు రోజుల తర్వాత చూస్తే కర్ర లేదు. గట్టంతా వెతికాను. ఇసుక మీద చిన్న గుంట ఉంది, అంతే. ఎవరో పిల్లలు పీకి ఉంటారనుకున్నాను. ఇంటికొచ్చి టమాటాలకి నీళ్లు పోస్తుంటే మూడో వరసలో నా ఉల్లిపాయ మొగ్గ కనిపించింది. దానికి టమాటా మొక్క కట్టేసి ఉంది, చక్కగా, రెండు ముళ్లు వేసి.

మామయ్య వెనకే నిలబడి ఉన్నాడు.

"మంచి కర్ర" అన్నాడు. "అక్కడ ఊరికే పడుంటే ఎవరికి లాభం?"

రాత్రి ఆరోన్‌ని పట్టుకున్నాను. "నువ్వు మగాడివేనా? నీ బిడ్డ తలకాడ కర్ర పీకి టమాటాలకి కట్టాడు. కనీసం ఒక్క మాట అనవా?"

"నాన్న సంగతి తెలుసు కదా విల్మా" అన్నాడు. "కోతలయ్యాక నేనే ఏదో ఒకటి చేస్తాలే."

ఎప్పుడూ కోతలయ్యాకే. ఆయన జీవితమంతా కోతలయ్యాకే.

జూన్ చివర్లో మామయ్య పడిపోయాడు. టమాటా వరసల మధ్య, నోట్లో మొక్కలు కట్టే దారం పెట్టుకుని, ఒక పక్కకి ఒరిగిపోయాడు. విల్మా పరిగెత్తలేదని ఊళ్లో తర్వాత అన్నారు. అబద్ధం. పరిగెత్తాను. నేనే నోట్లో దారం తీశాను, నేనే పక్కింటి జోఫీని కేకేశాను. పక్షవాతమన్నాడు డాక్టరు. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి, మాట పోయింది.

"మాట రాదు గానీ, అన్నీ తెలుస్తుంటాయమ్మా ఆయనకి" అన్నాడు వెళ్లేటప్పుడు. "చూస్తాడు, వింటాడు, అర్థం చేసుకుంటాడు. అది గుర్తుపెట్టుకోండి."

గుర్తుపెట్టుకున్నాను.

జూలైలో ఆరోన్ సహకార క్షేత్రంలో గోధుమ కోతలకి వెళ్లాడు. మూడు వారాలు అక్కడే గుడారాల్లో పడుకోవాలి. ఇంట్లో నేనూ, ముసలాడూ. పొద్దున్నే లేపి, ఒళ్లు తుడిచి, కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీని పెరటి గట్టు మీద, అన్నీ కనబడేచోట పెట్టేదాన్ని. రొట్టె పాలలో నానబెట్టి నోట్లో పెట్టేదాన్ని. కడుపు మాడ్చానని ఎవరూ అనలేరు. జోఫీ గోడ మీంచి తొంగి చూసి, "ఎంత ఓపికే నీకు! మా అత్తనయితే నేను ఎప్పుడో ఎండలో వదిలేసేదాన్ని" అనేది. నవ్వేదాన్ని.

ఆ ఏడు నేను టమాటాలు రెండు వరసలు ఎక్కువ నాటాను. కర్రలు చాలలేదు. అడవికెళ్లి నాలుగు పచ్చి కొమ్మలు కొట్టుకొచ్చుకుంటే ఎవరూ వద్దనరు, అరగంట పని. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను. దీన్ని ఇంకోలా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

ఒక సోమవారం పొద్దున చూరు కిందనుంచి ఆ దుంగని దొర్లించుకుంటూ వచ్చి, సరిగ్గా ఆయన కుర్చీ ముందు ఆపాను. రంపం, గొడ్డలి, దుంగలు చీల్చే మూడు ఇనప మేకులు, సమ్మెట తెచ్చి పక్కన పెట్టాను.

"మామయ్యా, టమాటాలకి కర్రలు చాలడం లేదు" అన్నాను, చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా. "ఈ దుంగ ఉంది కదా. మంచి కర్ర. ఊరికే పడుంటే ఎవరికి లాభం?"

ముందు ఆయనకి నమ్మకం కుదరలేదు. నా మొహంలోకి చూశాడు, దుంగకేసి చూశాడు. నేను రంపం పెట్టి మొదటి లాగు లాగగానే గొంతులోంచి ఏదో వచ్చింది. "గ్గా" అన్నాడు. "గ్గా, గ్గా." ఎడమచేత్తో కుర్చీ చేతిని కొట్టాడు.

"ఏం పేరు దానికి?" అన్నాను లాగుతూనే. "పేరు చెప్పండి, ఆపేస్తాను."

నా నోట్లోంచే వచ్చింది ఆ మాట.

ముందు పై కొసనుంచి రెండు మూరల ముక్క కోశాను. ఒక మూర భూమిలోకి, ఒక మూర పైకి. అది నా కూతురిది. ఆ ఒక్క కోతకే మధ్యాహ్నమయింది. పదిహేనేళ్లు ఆరిన చేవ, రంపం పళ్లు పొగలు కక్కాయి, రెండుసార్లు ఆపి నీళ్లు పోయాల్సి వచ్చింది. పొట్టు పసుప్పచ్చగా నా కాళ్లమీదా ఆయన కాళ్లమీదా పడింది. ఆ ముక్కని గుడ్డలో చుట్టి నా మంచం కింద పెట్టుకున్నాను. మిగిలిన మూడు మూరలూ మేకులు దించి నిలువునా చీల్చడం మొదలుపెట్టాను. ఏడు రోజులు పట్టింది. అరచేతులు బొబ్బలెక్కి, చితికి, మళ్లీ బొబ్బలెక్కాయి. దుంగ చీలినప్పుడల్లా తుపాకీ పేలినట్టు చప్పుడయ్యేది, ఆయన ఒళ్లంతా ఉలిక్కిపడేది. రెండో రోజునుంచి అరవడం మానేశాడు. బాగున్న కంట్లోంచి నీళ్లు కారుతూ ఉండేవి. తుడిచాను కూడా, ఈగలు ముసురుతున్నాయని.

జాలి పుట్టలేదా అని అడుగుతారేమో. పుట్టలేదు. ఒళ్లు తేలికయింది. పాప పోయాక మొదటిసారి ఆకలేసింది. పందికొవ్వు ముక్కా, ఉల్లిపాయా, పెద్ద రొట్టె తునకా కోసుకుని ఆయన ఎదురుగానే కూర్చుని తిన్నాను.

పద్దెనిమిది కర్రలు వచ్చాయి. కొసలు చెక్కి, ఆయన నేర్పిన పద్ధతిలోనే నల్లగా కాల్చి, కుర్చీకి ఎదురుగా రెండు వరసలు పాతాను. టమాటాలు కట్టాను, రెండేసి ముళ్లు వేసి. ఆ ఏడు కాసినట్టు మా పెరట్లో టమాటా మళ్లీ కాయలేదు. ఆగస్టులో పండుతుంటే కోసి, ఉప్పు చల్లి, ముక్కలు ఆయన నోట్లో పెట్టేదాన్ని.

"తినండి మామయ్యా. మీ కర్రదే."

మొదట్లో ఉమ్మేసేవాడు. తర్వాత మింగడం మొదలుపెట్టాడు.

ఆరోన్ కోతలనుంచి వచ్చిన రోజు సంచీ భుజం మీదే ఉంది, పెరట్లోకి వచ్చి ఆగిపోయాడు. చూరు కింద ఇటుకలు రెండే ఉన్నాయి. వరసల్లో పసుపురంగు కర్రలు ఎండకి మెరుస్తున్నాయి. మా ఊళ్లో పుట్టినవాడికి ఆరిన చేవ రంగేదో, పచ్చి కర్ర రంగేదో చెప్పక్కర్లేదు.

"అంతా చీల్చేశావా?" అన్నాడు.

"రెండు మూరలు ఉంచాను."

"ఎందుకు?"

"నీకు తెలీదా ఎందుకో?"

గట్టు మీద కూలబడ్డాడు. చాలాసేపు తండ్రికేసి చూశాడు. తండ్రి కొడుకుకేసి చూశాడు, ఎడమచెయ్యి ఎత్తి కర్రలకేసి చూపించాడు, మళ్లీ దించేశాడు.

"ఏడ్చాడా?" అన్నాడు ఆరోన్.

"ఏడ్చాడు."

"నువ్వేం చేశావు?"

"కర్రలు పాతుకున్నాను."

కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను కూడా. కొట్టలేదు. మర్నాడు సాయంత్రం తండ్రి బాడిసా ఉలీ తీసుకుని, నా మంచం కింది ముక్క బయటికి తీసి, మెట్ల మీద కూర్చుని చెక్కడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో పెళ్లయిన నాలుగేళ్లలో ఆయన తనంతట తాను చేసిన మొదటి పని అది. రోజుకి కొంచెం, పొలంనుంచి వచ్చాక వెలుతురు ఉన్నంతసేపు. పైన మొగ్గ వచ్చింది. ఉల్లిపాయ కాదు, నిజమైన మొగ్గ, మూడు రేకులు ముడుచుకుని. ముసలాడు కుర్చీలోంచి చూస్తుండేవాడు. ఆరోన్ ఉలి తప్పుగా పట్టినప్పుడల్లా గొంతులో గుర్రుమనేవాడు. చెక్కేది ఎవరికో తెలిసి గుర్రుమన్నాడో, పనితనం బాగోలేదని గుర్రుమన్నాడో నాకు తెలియదు.

"పేరు చెక్కడానికి చోటు ఉంచాను" అన్నాడు ఆరోన్ సెప్టెంబరులో. "బంగాళాదుంపలు తవ్వడం అయిపోయాక చెక్కేసి పాతేద్దాం."

అప్పుడే పాతెయ్యాల్సింది. పేరు లేకుండానే, ఆ క్షణమే తీసుకెళ్లి పాతెయ్యాల్సింది. నాకేం తెలుసు, సరేనన్నాను.

దుంపలు సగం తవ్వామో లేదో, ఒక పొద్దున లేపడానికి వెళ్తే మామయ్య చల్లగా ఉన్నాడు.

చర్చి పెద్ద కదా, గంటలు మోగాయి. రెండు ఊళ్ల పాస్టర్లు వచ్చారు. మా వైపు శవపేటిక ముందు కొయ్య నడవాలి. కొయ్య లేకుండా శవం ఇల్లు కదలదు. ఊళ్లో అందరికీ కొయ్యలు చెక్కిన మనిషికి ఇంట్లో కొయ్య లేదు. ఆరోన్ ఏడిళ్లు తిరిగాడు. ప్రతి ఇంటి అటక మీదా ఆరిన దుంగ ఒకటి ఉంటుంది. ప్రతిదానికీ ఒక మనిషి ఉంటాడు.

"మా నాన్న ఇంకా గుటకలు మింగుతూనే ఉన్నాడయ్యా, ఆయనది నీకిచ్చి ఆయన్నేం చెయ్యమంటావు?" అన్నాడు ఒకడు.

జోఫీ మొగుడు తలుపు కూడా పూర్తిగా తియ్యలేదట. "మీ ఆవిడ టమాటాలకి పాతింది కదా, పోయి పీక్కో" అన్నాడట. గోడ మీంచి అన్నీ చూసింది జోఫీ. ఓపిక మెచ్చుకున్న నోటితోనే ఊరంతా చాటింది.

క్షేత్రం వాళ్లు దేవదారు పలక ఇస్తామన్నారు. మూడేళ్లలో పుచ్చిపోతుంది. తండ్రి బతికుంటే దాన్ని కోళ్లగూటికి కూడా వాడడని ఆరోన్ వద్దనేశాడు. పచ్చి అకాట్స్ పగిలిపోతుంది. సాయంత్రం పాకలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. కాసేపటికి ఉలి చప్పుడు వినబడింది. పరిగెత్తాను.

నా కూతురి కొయ్య ఆయన ఒళ్లో ఉంది. పేరు కోసం ఉంచిన చోట అప్పటికే రెండు అక్షరాలు పడ్డాయి. గెదె.

"అది దానిది" అన్నాను.

"తెలుసు."

"ఆరోన్, అది దానిది."

"ఇదొక్కటే ఉంది విల్మా."

"మొగ్గ ఉంది దానిమీద! ఆడపిల్ల మొగ్గ! మీ నాన్నకి మొగ్గ పెడతావా?"

"చెక్కేస్తే ఇంకా పొట్టిదవుతుంది" అన్నాడు తలెత్తకుండా. "పాపకి ఇంకోటి చేద్దాం. రేపే చెట్టు కొడతాను."

"ఆరడానికి?"

ఉలి మళ్లీ అక్షరం మీద పెట్టాడు. పదిహేనేళ్లు. లాక్కోబోయాను. ఆయన వదల్లేదు. ఇద్దరం దాన్ని పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాం. తర్వాత నేనే వదిలేశాను. ఎందుకు వదిలానని ఎన్నిసార్లు నన్ను నేను అడుక్కున్నానో లెక్కలేదు. ఆయన మొహం చూసి వదిలాను. తండ్రి బతికి ఉన్నన్నాళ్లూ లేని మొండితనం చచ్చాక వచ్చింది ఆయనకి.

మామూలుగా కొయ్యని ఇద్దరు భుజాల మీద మోస్తారు. గెదెయోన్ మామయ్య కొయ్యని ఆరోన్ ఒక్కడే చంకలో పెట్టుకుని ముందు నడిచాడు. మేజోళ్లు మోకాళ్లదాకా లాక్కున్న పిల్లలు కిసుక్కుమన్నారు. పాతాక చూస్తే, అన్ని పెద్ద కొయ్యల మధ్య, అత్తయ్య ఛాతీ ఎత్తు కొయ్య పక్కన, మోకాలెత్తున మొగ్గ. జోఫీ నా చెవి దగ్గరికి వచ్చి, "ఇదేమిటే, పెద్దాయన నీ చేతిలో మళ్లీ పసిపిల్లాడైపోయాడు" అంది. నాకు నవ్వొచ్చింది. సమాధి ముందు, పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే, కండువా నోట్లో కుక్కుకుని నవ్వాను. ఏడుస్తున్నాననుకుని ఎవరో ముసలమ్మ భుజం తట్టింది. ఒకసారి పాతిన కొయ్యని అది తనంతట తాను పడేదాకా పీకకూడదు, అది మా ఆచారం. ఆరిన అకాట్స్ ఇప్పట్లో పడదు. ఇంక మనవలు, మునిమనవల దాకా ఊరు ఆయన్ని చూసి నవ్వుకుంటూ ఉంటుందని లెక్కేసుకున్నాను. ఆ లెక్కలో నా కూతురి కొయ్య కూడా అదేనన్న సంగతి ఇంటికెళ్లి పడుకున్నాక గానీ పూర్తిగా తలకెక్కలేదు.

నవంబరు మొదటి తారీఖున, పోయినవాళ్లని తలుచుకోడానికి, ఊరంతా సమాధుల దొడ్డికి వెళ్తుంది. పొద్దుటి మంచుకి ఇసుక తడిసి ఉంది. ఆరోన్ బావి దగ్గర నీళ్లు పట్టుకొస్తానని వెళ్లాడు. నేను కందకం గట్టు మీద పాపని వెతుకుతున్నాను. సెప్టెంబరు వానలకి గట్టు జారిపోయింది. ఇక్కడా, అక్కడా అని నాలుగుచోట్ల నిలబడ్డాను. ఎక్కడా కాళ్లు నమ్మలేదు. చివరికి తెచ్చిన పూలు గట్టంతా విసిరేసి, అత్తయ్య సమాధి దగ్గరికి వచ్చాను.

మామయ్య కొయ్య ముందు ఎవరో ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఈ ఊరి మనిషి కాదు. యాభై దాటి ఉంటుంది, నల్ల శాలువా, చేతిలో తెల్ల చేమంతులు. గట్టు వైపునుంచి వచ్చింది. అక్షరాలు కొయ్యకి అవతలి పక్కన ఉన్నాయి. ఆవిడకి కనబడింది మోకాలెత్తు కొయ్య, పైన ఆడపిల్ల మొగ్గ, ఇంకా ఆరని కొత్త ఇసుక. గడ్డి పరకలు ఏరి పారేసి, అరచేత్తో ఇసుక సాపు చేస్తోంది, మెల్లగా, కింద ఎవరో నిద్రపోతున్నట్టు. అలికిడికి తలెత్తింది.

"ఎంత చిన్నదమ్మా!" అంది. ఆవిడ కళ్లు అప్పటికే తడిగా ఉన్నాయి. "మా అక్క సమాధికి వచ్చాను. ఈ కొయ్య చూశాక కాళ్లు కదల్లేదు. నాకూ ఒకతి పోయింది, ఆరు వారాలది. ముప్పై ఏళ్లయింది." నా మొహంకేసి పరీక్షగా చూసింది. "నీ బిడ్డా తల్లీ?"

కాదు అని చెప్పాలి. కాదు, ఇది మా మామయ్య, డెబ్భై నాలుగేళ్లు బతికాడు, నా బిడ్డ అదిగో ఆ కందకంలో ఎక్కడో ఉంది, ఎక్కడుందో నాకే తెలియదు, పూలు అక్కడ పెట్టమ్మా అని చెప్పాలి. నలభై అడుగులు కూడా లేదు గట్టు. కానీ చెబితే, డెబ్భై నాలుగేళ్ల మనిషికి ఇంత కొయ్యేమిటి అని అడుగుతుంది. అప్పుడు దుంగ సంగతి చెప్పాలి. టమాటాల సంగతి చెప్పాలి.

"నా బిడ్డే" అన్నాను.

ఆవిడ లేచి నన్ను దగ్గరికి తీసుకుంది. పాప పోయాక, అయ్యో అని నన్ను ముట్టుకున్న మొదటి మనిషి ఆవిడే. గెదెయోన్ మామయ్య సమాధి మీద కూలబడి, ఆ ఇసుకని పిడికిళ్లతో పట్టుకుని, గొంతు చించుకుని ఏడ్చాను. ఆవిడ నా వీపు నిమురుతూ, "ఏడువు తల్లీ, దానికి వినబడుతుంది, ఏడువు" అంటూనే ఉంది.

వెళ్లేటప్పుడు, వాళ్ల అక్క కోసం తెచ్చిన చేమంతులు కూడా ఆయనకే పెట్టి వెళ్లింది.